విండోస్‌ని ఉంచుకుంటూనే డెబియన్ 13: మా ఆఫీసు లాప్‌టాప్‌కి లక్స్ తాళం

మా ఆఫీసు లాప్‌టాప్‌లో ఏముంటుందో ముందు చెప్తాను. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారుల జీఎస్టీ లెక్కలు, తెనాలి చుట్టుపక్కల రైస్ మిల్లుల బ్యాలెన్స్ షీట్లు, టీచర్ల ఫారం 16లు, పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, ఏడాది పొడుగునా బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాటికి తోడు పోర్టల్ పాస్‌వర్డులు. ఎవరికి ఎంత అప్పుందో, ఎవరి పేరున ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందో వాళ్ల ఇంట్లోవాళ్లకి కూడా తెలియకపోవచ్చు, నాకు తెలుసు. నన్ను నమ్మి ఇచ్చారు. ఆ లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని తెనాలి నుంచి గుంటూరుకి ప్యాసింజర్‌లో తిరుగుతుంటాను.

మా వృత్తిలోనే ఉన్న ఒకాయన బ్యాగు పోయిన ఎండాకాలం రైల్లో పోయింది. "లాప్‌టాప్ పోతే పోయింది, పాస్‌వర్డ్ ఉందిగా" అని ధైర్యంగానే ఉన్నారు. విండోస్ లాగిన్ పాస్‌వర్డ్ ఉన్నది విండోస్ లోపలికి రానివ్వకుండా ఉండటానికే. ఎస్ఎస్‌డీ విప్పి, కొన్ని వందలు పెడితే దొరికే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే, ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా చదవలేని గుప్తలిపిగా మార్చడం) లేని డిస్కులో ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నట్టే కనిపిస్తాయి. మా అబ్బాయి పాత లాప్‌టాప్ డిస్కు అలా తగిలించి చూశాను. ఏ పాస్‌వర్డూ అడగలేదు. ఆ రోజు నుంచి నాకు ఒకటే టెన్షన్. అందుకే విండోస్ పక్కనే డెబియన్ 13 అనే లినక్స్ వేసి, లినక్స్‌లో డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసే లక్స్ అనే పద్ధతితో తాళం వేశాను.

పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, డేటా దగ్గర పెట్టుకున్నవాళ్లు తగిన భద్రత తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అంటోంది. నాలాంటి చిన్న ప్రాక్టీసుకి అంత వేస్తారని కాదు. కానీ చట్టం లేకపోయినా ఆ పని చెయ్యాల్సిందే.

నేను ఎవరి నుంచి కాపాడుకోవాలి అన్నది మొదట కాగితం మీద రాసుకున్నాను. రైల్లో బ్యాగు ఎత్తుకుపోయేవాడు. రిపేరుకి ఇచ్చినప్పుడు డిస్కు కాపీ చేసుకోగలవాడు. కొన్నేళ్ల తర్వాత లాప్‌టాప్ అమ్మేస్తే కొనుక్కున్నవాడు. అంతే. గూఢచారులు నా జాబితాలో లేరు. ఈ కాగితం ముందు పెట్టుకుంటే తర్వాత వచ్చే ప్రతి ప్రశ్నకీ జవాబు సులువుగా దొరికింది. ఇంటర్నెట్‌లో కనిపించే ఎన్‌క్రిప్షన్ సలహాల్లో సగం మన జాబితాలో లేనివాళ్ల కోసం రాసినవి.

ఇక ఎందుకు సొంతంగా పార్టిషన్లు (డిస్కులో భాగాలు) వేసుకోవాల్సి వచ్చిందంటే, డెబియన్ ఇన్‌స్టాలర్‌లో "గైడెడ్, ఎన్‌క్రిప్టెడ్ ఎల్‌వీఎం" అనే దారి ఉంది. ఎల్‌వీఎం అంటే ఒక పార్టిషన్‌ని లోపల మళ్లీ భాగాలుగా కోసుకునే ఏర్పాటు. చాలా మంచి దారి. లినక్స్ ఒక్కటే పెట్టుకునేవాళ్లు కళ్లు మూసుకుని అది తీసుకోవచ్చు. అది డిస్కు మొత్తం తీసేసుకుంటుంది. నాకు విండోస్ ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీలు మ్యాక్రోలతో నడుస్తాయి, వాటికి అసలైన ఎక్సెల్ కావాలి. కాబట్టి మాన్యువల్ దారే గతి. రెండో కారణం, సాయంత్రాలు ఇదే లాప్‌టాప్ మా అబ్బాయి చదువుకి వాడతాడు. వాడు వాడుతున్నంతసేపూ క్లయింట్ల ఫైళ్లు మూసి ఉండాలి. అంటే లాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు తీసే ఒక తాళం, పని ఉన్నప్పుడే నేను తీసే ఇంకో తాళం.

512 జీబీ డిస్కు కంప్యూటర్ లెక్కలో 476 దాకా వస్తుంది. విండోస్‌కి 160 వదిలాను. సిస్టమ్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ విండోస్‌దే ఇద్దరికీ సరిపోతుంది, దాన్ని ఫార్మాట్ చెయ్యకూడదు, అంతే. లినక్స్ బూట్‌కి 1 జీబీ. మిగిలినదాంట్లో సిస్టమ్‌కి ఒక లక్స్ పార్టిషన్ 175, క్లయింట్ల డేటాకి ఇంకో లక్స్ పార్టిషన్ 140. సిస్టమ్ లక్స్ లోపల ఎల్‌వీఎం పెట్టి రూట్ (సిస్టమ్ ఫైళ్లు), హోమ్ (మన ఫైళ్లు), స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) మూడూ అందులోనే కోశాను. స్వాప్ బయట పెట్టే ప్రయత్నం చెయ్యకండి. ర్యామ్‌లో ఉన్న ఏ కాగితమైనా స్వాప్‌లోకి వచ్చి పడుతుంది. మిగతావి ఎన్‌క్రిప్ట్ చేస్తూ స్వాప్ మాత్రం బయట వదిలితే డెబియన్ ఇన్‌స్టాలరే ఒప్పుకోదు, సురక్షితం కాదని ఆపేస్తుంది. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

విండోస్ వైపు ముందుగా చెయ్యాల్సినవి రెండు. ఈ మధ్య లాప్‌టాప్‌ల్లో మనం అడక్కపోయినా డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగులు కదిపితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ అంకెలు ముందే కాగితం మీదికి ఎక్కించుకోవాలి. తర్వాత ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యాలి, అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవదు. పార్టిషన్ కుదించడం కూడా విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చేశాను, దాని సొంత సామాను అదే సర్దుకుంటే మంచిది.

ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ చేసేముందు డౌన్‌లోడ్ చేసిన ఫైలుని చెక్‌సమ్‌తో (ఫైలు మారలేదని చూపే గుర్తుతో) పోల్చి, ఆ చెక్‌సమ్ ఫైలు మీద డెబియన్ వాళ్ల సంతకం కూడా సరిచూశాను. తాళం చేసేవాడినే అనుమానించకపోతే తాళం ఎందుకు? వైఫై ఫర్మ్‌వేర్ కోసం విడిగా వెతుక్కునే బాధ డెబియన్ 12 నుంచి లేదు, ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది.

అసలు సంగతి పాస్‌ఫ్రేజ్, అంటే మాటలతో అల్లిన పొడుగాటి పాస్‌వర్డ్. దీని మీద పెట్టినంత శ్రద్ధ నేను మిగతా దేనిమీదా పెట్టలేదు.

పాస్‌ఫ్రేజ్ టైపు చేసేటప్పుడు ఇంకా డెస్క్‌టాప్ రాలేదు. మన తెలుగు కీబోర్డు సెట్టింగులేవీ అప్పటికి ఉండవు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ కీబోర్డు ఎంచుకున్నామో బూట్ దగ్గర కూడా అదే ఉండాలి. అమెరికన్ కీబోర్డుకీ బ్రిటిష్ కీబోర్డుకీ మధ్య ఈమెయిల్‌లో వాడే ఆ 'ఎట్' గుర్తు, డబుల్ కొటేషన్ గుర్తు స్థానాలు మారిపోతాయి. చుక్కలు కనిపిస్తాయి తప్ప అక్షరాలు కనిపించవు కాబట్టి ఏం టైపు అయిందో తెలియదు. అందుకని గుర్తులు, అంకెలు, పెద్దక్షరాలు ఏవీ వద్దనుకున్నాను. చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీలు. బలం పొడుగులోంచి రావాలి.

పొడుగంటే గుర్తున్న వాక్యం రాసెయ్యడం కాదు. బళ్లో నేర్చుకున్న శతక పద్యం మొదటి పాదం, దేవుడి శ్లోకం, సినిమా డైలాగు, ఇవన్నీ మన ఊళ్లో ప్రతివాడికీ వచ్చు. మాటల్ని మనసు ఎంచుకోకూడదు, పాచికలు ఎంచుకోవాలి. డైస్‌వేర్ అని ఒక పద్ధతి ఉంది: 7,776 ఇంగ్లీషు మాటల జాబితా, ఒక్కో మాటకి పాచిక అయిదుసార్లు వెయ్యడం. నాకు ఇంగ్లీషు మాటలు గుర్తుండవు. అందుకని సంక్రాంతి సెలవుల్లో మా ఆడపడుచు పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు మాటల జాబితా రాయించాను. నాలుగు పాచికలకి సరిపడా, 1,296 మాటలు. కూరగాయలు, వంటింటి సామాను, పొలం పనిముట్లు, పిట్టలు, బంధుత్వాలు. కవ్వం, పొట్లకాయ, గిత్త, పిచ్చుక, దోసిలి, మరదలు, అలాంటివి. పిల్లలు పోటీలు పడి రాశారు.

ఇక్కడ తెలుగువాళ్లకే వచ్చే చిక్కు ఒకటుంది. వంకాయని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 'కా' దగ్గర 'ఏ' అక్షరం ఒకటా, రెండా? తోటకి 'టీ' ఒక్కటేనా, పక్కన 'హెచ్' కూడానా? వాట్సాప్‌లో ఒకరోజు రాసినట్టు ఇంకోరోజు రాయం. లాప్‌టాప్ క్షమించదు. అందుకని జాబితా మొదటి పేజీలోనే నియమాలు రాసిపెట్టాను: దీర్ఘానికి అక్షరం రెట్టించకూడదు, 'త'కి ఎప్పుడూ 'హెచ్' ఉండాలి, 'ట'కి ఎప్పుడూ ఉండకూడదు, 'ళ' వచ్చే మాటలు జాబితాలోంచే తీసెయ్యాలి. ఈ నియమాలు లేకుండా తెలుగు పాస్‌ఫ్రేజ్ పెట్టుకోవద్దని గట్టిగా చెప్తాను.

ఏడు మాటలు తీసుకున్నాను. 1,296 మాటల్లోంచి ఏడింటిని పాచికలతో ఏరితే వచ్చే అవకాశాలు ఆరు కోటి కోటి కోట్లకు పైన. జాబితా మొత్తం దొంగ చేతికి ఇచ్చినా ఈ లెక్క మారదు, ఎందుకంటే బలం జాబితా రహస్యంలో లేదు, పాచికల్లో ఉంది. పైగా ఒక్కో ప్రయత్నానికి వాడికి ఖర్చు ఉంటుంది. లక్స్ 2లో పాస్‌ఫ్రేజ్‌ని ఆర్గాన్ 2 అనే పద్ధతిలో నలగ్గొడతారు. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచింది అదే. అది కావాలనే బోలెడు మెమరీ మింగుతుంది. నా లాప్‌టాప్‌లో ఒక్కసారి తెరవడానికి 1 జీబీ ర్యామ్, దాదాపు రెండు సెకన్లు. నాకు రెండు సెకన్లు ఏపాటి? గ్రాఫిక్స్ కార్డులు వరసగా పెట్టి కోట్లసార్లు ప్రయత్నించాలనుకునేవాడికి ఆ 1 జీబీయే అడ్డం.

ఇన్‌స్టాల్ అయ్యాక చేసిన మొదటి పని, లక్స్‌ని నడిపే క్రిప్ట్‌సెటప్ అనే ప్రోగ్రాముతో లక్స్‌డంప్ (తాళం వివరాల జాబితా) తీసి చూడటం. రహస్యాలేవీ చూపించదు, తాళం ఎలా తయారైందో చూపిస్తుంది. వెర్షన్ 2. సైఫర్ (ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) దగ్గర ఏఈఎస్, ఎక్స్‌టీఎస్. కీ 512 బిట్లు అని ఉంటే కంగారు పడక్కర్లేదు, ఎక్స్‌టీఎస్ పద్ధతికి రెండు కీలు కావాలి కాబట్టి 256 చొప్పున రెండు. మెమరీ దగ్గర 1048576, అంటే కిలోబైట్లలో సరిగ్గా ఆ 1 జీబీ. డేటా మొదలయ్యే చోటు 16777216, అంటే మొదటి 16 ఎంబీ హెడర్‌ది, తాళం వివరాలుండే చోటు అదే. ఇంకా కింద ఏఎఫ్ స్ట్రైప్స్ 4000 అని ఒక వరస ఉంటుంది. దాని మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. లక్స్‌ని రూపొందించిన క్లెమెన్స్ ఫ్రువిర్త్ పెట్టిన ఏర్పాటు అది. తాళాన్ని ఒకచోట రాసి చెరిపితే డిస్కులో ఆనవాలు మిగలొచ్చు. అందుకని దాన్ని 4,000 ముక్కల మీద పరిచేస్తారు, అన్నీ ఉంటేనే అది తిరిగి కుదురుతుంది. కొంచెం చెరిగినా మిగిలినది పనికిరాదు. రేపు ఎప్పుడైనా ఒక పాస్‌ఫ్రేజ్‌ని రద్దు చేస్తే అది నిజంగా రద్దు కావాలన్న ఆలోచన అందులో ఉంది.

లక్స్‌లో ముఖ్యంగా అర్థం చేసుకోవాల్సింది, మన పాస్‌ఫ్రేజ్‌తో డిస్కు ఎన్‌క్రిప్ట్ అవదు. బీరువా తాళంచెవి ఒకటే అనుకోండి. ఆ చెవిని దాచిన చిన్న డబ్బాలు 32 వరకు ఉండొచ్చు, ఒక్కో డబ్బాకి ఒక్కో పాస్‌ఫ్రేజ్. ఏ డబ్బా తెరిచినా దొరికేది అదే చెవి. పాస్‌ఫ్రేజ్ మార్చినా డిస్కంతా మళ్లీ రాయక్కర్లేదు. ఒకరికి ఇచ్చిన దారి మూసెయ్యాలంటే ఆ ఒక్క డబ్బా తీసేస్తే చాలు.

ఇది ఎంత అవసరమో మా బాబాయ్ మాటతో తెలిసింది. బాబాయ్ కమర్షియల్ టాక్సెస్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు నాతోపాటే ఆఫీసులో కూర్చుంటారు. నేను ఈ ఏర్పాట్లన్నీ ఉత్సాహంగా చెప్తుంటే కళ్లజోడు తీసి అడిగారు.

"అమ్మాయ్, ఇరవయ్యో తారీకున నువ్వు జ్వరంతో పడుకున్నావనుకో, 3బీలు ఎవరు వేస్తారు?"

"మీరే వెయ్యాలి బాబాయ్."

"పెట్టె తెరుచుకుంటే కదమ్మా వేసేది."

నెలవారీ జీఎస్టీఆర్ 3బీకి గడువు 20వ తేదీ. ఆలస్యమైతే లేటు ఫీజు, వడ్డీ పడేది క్లయింటు మీద. నేను తప్ప ఇంకెవరూ తెరవలేని డిస్కు దొంగ నుంచి క్లయింట్లని కాపాడుతుంది, కానీ నాకేమన్నా అయితే వాళ్లని నడివీధిలో వదిలేస్తుంది. ఎన్‌క్రిప్షన్ గురించి రాసేవాళ్లు ఈ రెండో సగం గురించి దాదాపు మాట్లాడరు. నా మట్టుకు నాకు ఇది మొదటి సగమంత ముఖ్యం.

అందుకని రెండు లక్స్ పార్టిషన్లలోనూ రెండో కీస్లాట్, అంటే ఇందాక చెప్పిన డబ్బా, చేర్చాను. దాని పాస్‌ఫ్రేజ్ కూడా పాచికలతోనే, నాది కాకుండా వేరే మాటలు. బాబాయ్ తన చేతిరాతతో రాసుకుని, కవర్లో పెట్టి, అతుకు మీద ఇద్దరం సంతకాలు చేసి, ఆయన ఇంట్లో బీరువాలో పెట్టారు. స్పెల్లింగ్ నియమాల కాగితం కూడా అదే కవర్లో. కవర్ అంటించే ముందు ఆయన చేతే లాప్‌టాప్ ఆన్ చేయించి, కాగితం చూసి టైపు చేయించి, క్లయింట్ల పార్టిషన్ దాకా తెరిపించాను. వేరేవాళ్లు తెరవగలరో లేదో వాళ్ల చేత తెరిపిస్తేనే తెలుస్తుంది. ఆయన అన్నీ ఒక్క వేలితో టైపు చేస్తారు. ఏడు మాటలూ నెమ్మదిగా, పెదాలతో ఉచ్చరిస్తూ కొట్టారు. తెరుచుకుంది.

క్లయింట్ల పార్టిషన్‌ని బూట్‌లో తెరవొద్దని క్రిప్ట్‌ట్యాబ్ అనే సెట్టింగుల ఫైల్లో 'నోఆటో' అని రాశాను. పని మొదలుపెట్టేటప్పుడు చిన్న స్క్రిప్టు నడిపితే పాస్‌ఫ్రేజ్ అడిగి తెరుస్తుంది, పని అవగానే ఇంకో స్క్రిప్టు మూసేస్తుంది. మరి ఇది ఒక్కటే ఎన్‌క్రిప్ట్ చేస్తే సరిపోదా అని మా అబ్బాయి అడిగాడు. సరిపోదు. లిబ్రాఫీస్ ఈమధ్య తెరిచిన ఫైళ్ల పేర్లు గుర్తుపెట్టుకుంటుంది, ఫైల్ మేనేజర్ ఆధార్ కార్డు ఫొటోకి చిన్న బొమ్మ తయారుచేసి హోమ్‌లో దాస్తుంది, స్వాప్ సంగతి చెప్పాను. ఫైలు ఒకచోట ఉన్నా దాని నీడలు సిస్టమంతా పడతాయి. అందుకే రెండూ.

కొన్ని వద్దనుకున్నాను. బూట్ పార్టిషన్‌ని కూడా ఎన్‌క్రిప్ట్ చెయ్యాలని కొందరు పట్టుబడతారు. సిస్టమ్‌ని మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రాముకి చాలాకాలం ఆర్గాన్ 2 అర్థమయ్యేది కాదు, దానికోసం తాళాన్ని బలహీనమైన పద్ధతికి దించాలి. తెరిచి ఉన్న బూట్ పార్టిషన్ వల్ల ఒక ప్రమాదం ఉన్నమాట నిజమే. మనం లేనప్పుడు ఎవరైనా అక్కడి ఫైళ్లు మార్చి, మనం తర్వాత కొట్టే పాస్‌ఫ్రేజ్‌ని కాజేయొచ్చు. జొవానా రుట్కోవ్‌స్కా 2009లో దీనికి 'ఈవిల్ మెయిడ్' అని పేరు పెట్టింది. అలాంటివాడు లాప్‌టాప్‌ని ఎత్తుకుపోకుండా తిరిగి అక్కడే పెట్టి వెళ్లాలి. నా కాగితం మీద అలాంటివాడు లేడు.

లాప్‌టాప్‌లోనే ఉండే టీపీఎం అనే భద్రతా చిప్పులో తాళం దాచి, పాస్‌ఫ్రేజ్ లేకుండా తెరుచుకునేలా చేసే సౌకర్యం సిస్టమ్‌డీ అనే లినక్స్ భాగంలో ఉంది. సుఖమే. కానీ నా దొంగ ఎత్తుకుపోయేది డిస్కు ఒక్కటీ కాదు, లాప్‌టాప్ మొత్తం, చిప్పుతో సహా. వాడికి కూడా అది తెరుచుకుంటుంది, లాగిన్ తెర దాకా తీసుకెళ్తుంది. ఏడు మాటలు టైపు చెయ్యడమే నాకు ఇష్టం.

స్లీప్ గురించి మాత్రం జాగ్రత్త. మూత వేసి స్లీప్‌లో పెడితే తాళం ర్యామ్‌లోనే ఉంటుంది. ర్యామ్ చిప్పుల్ని చల్లబరిచి అందులోంచి తాళాలు తీయొచ్చని ప్రిన్స్‌టన్ వాళ్లు 2008లోనే చేసి చూపించారు. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నది డిస్కు మీద రాసి ఆపెయ్యడం) వాడదామంటే, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే డెబియన్ కెర్నల్ దానికి ఒప్పుకోదు. సెక్యూర్ బూట్ వదులుకోవడం ఇష్టంలేక ఆఫీసు నుంచి బయటికి అడుగుపెట్టే ముందు పూర్తిగా షట్‌డౌన్ చేస్తాను. ఎస్ఎస్‌డీ వల్ల మళ్లీ ఆన్ అవడానికి పట్టే సమయం ఎంతో లేదు.

స్పీడు తగ్గుతుందా అని అందరూ అడిగేది. క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ నడిపి చూస్తే ఏఈఎస్ సెకనుకి వెయ్యి ఎంబీలు దాటింది. ప్రాసెసర్‌లోనే ఏఈఎస్ కోసం విడిగా ఏర్పాటు ఉంటుంది కాబట్టి లెక్కల ఫైళ్లు, పీడీఎఫ్‌లు తెరిచే నా పనిలో తేడా తెలియదు.

హెడర్ బ్యాకప్ లేకుండా మాత్రం ఎవరూ ఒక్క రోజు కూడా ఉండొద్దు. ఆ మొదటి 16 ఎంబీ చెడిపోతే పాస్‌ఫ్రేజ్ ఎంత బాగా గుర్తున్నా డేటా పోయినట్టే, ఏ నిపుణుడూ ఏమీ చెయ్యలేడు. లక్స్‌హెడర్‌బ్యాకప్‌తో రెండు పార్టిషన్ల హెడర్లూ రెండు పెన్‌డ్రైవ్‌ల మీదికి తీశాను, ఒకటి బ్యాంకు లాకర్లో, ఒకటి ఇంట్లో. ఆ ఫైలుని చూపించి డిస్కు తెరవమని క్రిప్ట్‌సెటప్‌ని అడగొచ్చు. అలా తెరిచి చూశాకే లాకర్లో పెట్టాను. ఒక్క విషయం మరిచిపోకూడదు: పాత హెడర్ కాపీకి పాత పాస్‌ఫ్రేజ్ పనిచేస్తూనే ఉంటుంది. అందుకని కీస్లాట్లలో ఏ మార్పు చేసినా కొత్త కాపీ తీసి పాతది నాశనం చెయ్యాలి. లాప్‌టాప్ అమ్మే రోజున కీస్లాట్లన్నీ ఒకేసారి చెరిపేసే ఆదేశం ఉంది, కానీ లాకర్లో ఉన్న కాపీల్ని కూడా ఆ రోజే నాశనం చేస్తేనే ఆ పని పూర్తయినట్టు.

విండోస్ వైపు క్లయింట్ల ఫైళ్లు ఉంచను. యుటిలిటీలు నింపి, పోర్టల్‌కి ఎక్కించాల్సిన జేసన్ ఫైలుని లినక్స్‌లోకి తెచ్చుకుంటాను. పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేదు, క్రిప్ట్‌సెటప్ 2.3 నుంచి బిట్‌లాకర్ (విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్) పార్టిషన్లని కూడా తెరుస్తుంది. అప్పుడు కాగితం మీద ఎక్కించుకున్న ఆ 48 అంకెలే ఇక్కడా పనికొస్తాయి.

ఇక మిగిలింది ఆఫీసులో డెస్క్‌టాప్. అందులో ఏళ్లనాటి ఫైళ్లు ఎన్‌క్రిప్షన్ లేని మామూలు ఈఎక్స్‌టీ 4 ఫైల్‌సిస్టమ్ మీదే ఉన్నాయి. ఇప్పటికే ఉన్న డేటాని ఉన్నచోటే ఎన్‌క్రిప్ట్ చేసే రీఎన్‌క్రిప్ట్ ఆదేశం లక్స్ 2లో ఉంది. ముందు ఫైల్‌సిస్టమ్‌ని కొంచెం కుదించి హెడర్‌కి చోటివ్వాలి, పూర్తి బ్యాకప్ చేతిలో ఉండాలి, మధ్యలో కరెంటు పోకుండా చూసుకోవాలి. జూలై 31 రిటర్నుల హడావిడి తగ్గాక, యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించి మొదలుపెడతాను. అది ఎలా నడిచిందో విడిగా రాస్తాను. ఈలోపు తెలుగు మాటల జాబితా కావాలంటే అడగండి, స్పెల్లింగ్ నియమాలతో సహా పంపిస్తాను. పాచికలు మాత్రం మీరే వేసుకోండి.